యాప్ మూసేసి హైదరాబాద్ తినడం ఎలా? చిన్న హోటళ్లు, బండ్లు, బేకరీలు వెతుక్కునే పద్ధతి

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉంటూ కూడా నాలుగైదు పేర్ల చుట్టూనే తిరిగేవాళ్లు చాలామంది. బిర్యానీకి ఒక పేరు, టిఫిన్‌కి ఇంకో పేరు, కదిలే ఓపిక లేకపోతే యాప్. ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్ దగ్గర ఓ ఫొటో, ఓ చాయ్, అయిపోయింది. 2019లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో హైదరాబాద్‌ను వంటల నగరంగా చేర్చుకుంది. ఆ వంటల్లో సగం మీ ఫోన్‌లో కనపడవు. కనపడ్డా, డబ్బాలో కూర్చుని ట్రాఫిక్‌లో ముప్పావుగంట తిరిగొచ్చాక అవి వేరే వంటలు.

నేను చెప్పేదంతా ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. ఈ నగరంలో ప్రతి కొట్టుకీ ఒక వేళ ఉంది. పొద్దున ఆరింటికి పొగలు కక్కే నహారీ (మాంసం పులుసు) పదకొండింటికి గిన్నె అడుగున పేరుకున్న కొవ్వు. రాత్రి ఎనిమిదికి వేడివేడిగా దొరికే జొన్న రొట్టె కోసం మధ్యాహ్నం వెళ్తే అక్కడ బండే ఉండదు. కాబట్టి "ఎక్కడ బాగుంటుంది?" అని అడిగే ముందు "ఏ వేళకి?" అని అడగడం అలవాటు చేసుకోండి.

ముందు ఒక పేటను పట్టుకోండి

ఒకే రోజు సికింద్రాబాద్‌లో టిఫిన్, పాతబస్తీలో భోజనం, జూబ్లీహిల్స్‌లో కాఫీ అని ప్లాన్ వేస్తే రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది. నడిచి తిరగగలిగినంత ప్రాంతం ఒక్కటి ఎంచుకోండి. రెండు కిలోమీటర్లు చాలు.

కొత్తవాళ్లకు మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల నుంచి మొదలుపెట్టమంటాను. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచిపోయే దూరం. 1935లో కట్టిన రాతి మార్కెట్ అది, ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. లోపలి ఆవరణలో కుర్చీలు వేసి పండ్ల ఐస్‌క్రీములు అమ్మే పాత దుకాణాలు, జౌజీ హల్వా అమ్మే మిఠాయి కొట్టు, నాంపల్లి వైపు వెళ్తే బేకరీలు, అబిడ్స్ వైపు వెళ్తే ఇరానీ హోటళ్లు. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో కరాచీ బేకరీ పెట్టింది కూడా ఈ మార్కెట్ దగ్గరే. ఇప్పుడది చిన్న కొట్టు కాదు, విమానాశ్రయంలో కూడా దొరుకుతుంది. దాన్ని చూడొద్దని కాదు గానీ, ఆ డబ్బా ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఇక్కడిదాకా వచ్చినప్పుడు ఇక్కడ మాత్రమే దొరికేది తినండి.

రెండోది పాతబస్తీ. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి నయాపూల్ దాటితే మదీనా, పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్, చార్మినార్ వరసగా వస్తాయి. ఆటో అక్కర్లేదు, ఎండ లేకపోతే.

మూడోది మీ సొంత కాలనీ. చాలామంది వదిలేసేది దీన్నే. కూకట్‌పల్లిలో ఉంటూ కూకట్‌పల్లి తెలియనివాళ్లు వందలమంది. ఒకరోజు పొద్దున ఏడింటికి, ఒకరోజు సాయంత్రం ఏడింటికి మీ ఇంటి నుంచి బండి తీయకుండా నడవండి. అవే వీధుల్లో పూర్తిగా వేరే కొట్లు తెరిచి ఉంటాయి. పొద్దున ఇడ్లీ బండి ఉన్న చోట సాయంత్రం మిర్చిబజ్జీ బండి, రాత్రి ఫ్రైడ్‌రైస్ బండి, మూడూ వేర్వేరు మనుషులవి. ఆ మూడింటినీ తెలుసుకోవడం ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న పేరున్న హోటల్‌కి వెళ్లడం కంటే ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత వేళ చూసుకోండి

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

తెల్లవారుజాము పాతబస్తీది. నహారీ, మేక కాళ్ల పులుసు పాయా రాత్రంతా సన్నని మంట మీద ఉడికి తెల్లారేసరికి సిద్ధమవుతాయి. మదీనా, నయాపూల్ దిక్కున షాదాబ్, నయాబ్ లాంటి హోటళ్లలో పొద్దున్నే వెళ్తే కుల్చా రొట్టెతో నహారీ, లేదంటే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా దొరుకుతాయి. ఖిచ్డీ అంటే మన పొంగలి లాంటిదేదో అనుకోకండి. పసుపు రంగులో పొడిపొడిగా ఉండే పప్పన్నం, పక్కన మాంసం ఖీమా, మీద పోసుకోవడానికి నువ్వులు, చింతపండు వేసిన పుల్లటి ఖట్టా. బిర్యానీని మించిన హైదరాబాదీ భోజనం ఇదేనని నా నమ్మకం. దీనికి పెద్దగా ప్రచారం లేకపోవడానికి కారణం, జనం నిద్ర లేచేసరికి అయిపోవడమే.

చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్ కూడా తెల్లవారుజామునే తెరుస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే ట్రేల మీద బిస్కెట్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, రోడ్డు ఖాళీగా ఉంటుంది. సాయంత్రం ఆరింటికి వెళ్తే చాయ్ కప్పు పట్టుకుని నిలబడే జాగా కోసం వెతుక్కోవాలి. చాయ్ అదే, బిస్కెట్ అదే.

ఏడు నుంచి పదిన్నర దాకా టిఫిన్ బండ్లవి. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న, ఉప్మా, కారప్పొడి వేసి పెనం మీదే కలిపేసే దోశె మధ్యాహ్నం కల్లా సర్దేస్తారు. నాంపల్లి, మొజంజాహీ మార్కెట్ దిక్కున రామ్ కీ బండి తెల్లవారకముందే దోశెలు పోయడంతోనే పేరు తెచ్చుకుంది. కాలనీ బండ్ల సంగతి వేరు, అక్కడ వెతకాల్సింది పల్లి చట్నీని. రోట్లో నూరినట్టు బరకగా ఉందా, నీళ్లు పోసి పెంచారా అన్నది ఒక చెంచాతో తెలిసిపోతుంది. తొమ్మిదిన్నర దాటాక చట్నీ పల్చబడుతుంది. ప్రతి బండి దగ్గరా ఇదే తంతు, కాబట్టి ముందే వెళ్లండి.

భోజనం మెస్‌లకు పన్నెండున్నరకు వెళ్లండి. రెండు దాటితే వేపుడు అయిపోతుంది, పప్పు అడుగుది వస్తుంది. కర్రీ పాయింట్లకు సాయంత్రం ఏడు మంచి వేళ, అప్పుడే రాత్రి కూరలు దిగుతాయి. మధ్యాహ్నం మిగిలింది రాత్రికి కలిపే చోట్లు కూడా ఉంటాయి. సాయంత్రం ఆరుకే అన్ని గిన్నెలూ నిండా కనపడితే అనుమానించండి.

నాలుగు నుంచి ఆరు ఇరానీ హోటల్ వేళ. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ ఒక పాత్రలో మూత బిగించి దమ్ మీద ఉంటుంది, పాలు ఇంకో గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతూ ఉంటాయి, రెండూ కలిసేది కప్పులోనే. కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. రెండు పాత్రల్లోంచి పోస్తుంటే సరే. ఒకే డ్రమ్ములోంచి కుళాయి తిప్పి ఇస్తుంటే బోర్డు మీద ఇరానీ అని రాసున్నా అది మామూలు చాయే. తోడుగా ఉస్మానియా బిస్కెట్ ఎటూ ఉంటుంది. ఒకసారి దాన్ని మానేసి లుఖ్మీ అడగండి, నలుచదరంగా ఉండే ఖీమా సమోసా. ఉల్లిగడ్డ సమోసా, దిల్‌పసంద్ కూడా ఆ గాజు అల్మారాలోనే ఉంటాయి. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్ ఈ చదువుకు మంచి బడి. రైలు దిగినవాళ్లు, ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు ఒకే వరసలో నిలబడి తాగుతారు.

కొట్టును చూసి పోల్చుకోవడం

రేటింగ్ ఎంతుందో చూడకుండా కొట్టు మంచిదో కాదో తేల్చుకోవడం నేర్చుకోవచ్చు. నేను ముందు చూసేది మెనూ పొడవు. ఒకటి రెండు వస్తువులు మాత్రమే అమ్మే చోటు దాదాపు ఎప్పుడూ నిరాశపరచదు. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851 నుంచీ చేసేది ప్రధానంగా నాలుగు మూలల నాన్ ఒక్కటే. నిజాం సర్కారులో గుమాస్తాగా పనిచేసిన మనిషి పెట్టాడు కాబట్టి ఆ పేరు. తందూర్ గోడకు కొట్టిన రొట్టెను ఇనుప చువ్వతో లాగి బల్ల మీద పడేస్తారు, మీరు కట్ట కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్తారు, అంతే వ్యాపారం. పక్కన కూర్చుని తినే కుర్చీలు, కాంబోలు ఏమీ ఉండవు.

అదే బోర్డు మీద చైనీస్, తందూరీ, సౌత్ ఇండియన్, పిజ్జా, మొజీటో అన్నీ ఉంటే ఫ్రిజ్ ఎంత పెద్దదో ఊహించుకోండి.

రెండోది, మనిషి చేతిని చూడండి. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్ లాంటి చోట్ల చీకటి పడే వేళకి రోడ్డు పక్కన జొన్న రొట్టెల బండ్లు వెలుస్తాయి. ఎక్కువగా ఆడవాళ్లే నడుపుతారు. కాసేపు పక్కన నిలబడండి. మరిగే నీళ్లు పిండిలో పోసి, కాస్త ఆరాక అరచేతి కింది భాగంతో ఒత్తి ముద్ద చేస్తుంది. పీట మీద పొడి పిండి చల్లి, ముద్దను పెట్టి, అరచేత్తో చప్పచప్ప కొడుతూ తిప్పుతుంది, కర్ర వాడదు. రొట్టె తనంతట తానే గుండ్రంగా పెరుగుతుంది. పిండి ఉన్న వైపు పైకొచ్చేలా పెనం మీద వేసి, నీళ్లలో ముంచిన గుడ్డతో ఆ పైభాగాన్ని ఒక్కసారి తుడుస్తుంది. తడి ఆరగానే తిప్పేసి, చివరికి అంచు పట్టుకుని మంట మీదే కాలుస్తుంది, అప్పుడు పొంగుతుంది. తుడవని రొట్టె పగులుతుంది, పిండి పిండిగా తగులుతుంది. అడిగాక చేసిచ్చే బండి దగ్గర ఆగండి. ముందే దొంతర పెట్టి గుడ్డ కప్పిన చోట రొట్టె పది నిమిషాల్లో అట్టముక్క అవుతుంది. "అక్కా, ఒకటి పల్చగా, బాగా కాల్చి" అంటే చాలు, మీరు తినేవాళ్లని ఆమెకు అర్థమవుతుంది.

మూడోది, అక్కడ ఎవరు తింటున్నారో చూడండి. ఆటో డ్రైవర్లు ఆగే చోటని అందరూ చెప్పే సలహానే. దానికి నేనొకటి కలుపుతాను: ఒంటరిగా వచ్చి, మెనూ చూడకుండా, మాట్లాడకుండా తిని వెళ్లే పెద్ద వయసువాళ్లు కనపడితే ఆ కొట్టు నమ్మొచ్చు. వాళ్లు అక్కడికి ఏళ్లుగా వస్తున్నారు.

పేరు చూసి మోసపోకండి

హైదరాబాద్‌లో పేర్లకు కాపలా లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉన్న బావర్చి తమకు ఎక్కడా బ్రాంచీలు లేవని బోర్డే పెట్టుకుంది. అయినా నగరం నలుమూలలా, హైవేల మీద, అమెరికాలో కూడా ఆ పేరుకు ముందో వెనకో ఇంకో మాట తగిలించిన హోటళ్లు కనపడతాయి. వాటిలో బాగున్నవీ ఉండొచ్చు, కానీ మీరు వెతికేది అది కాదు. అలాగే అంకాపూర్ చికెన్ అని రాసిన ప్రతి బోర్డూ నిజామాబాద్ జిల్లా అంకాపూర్ దాకా వెళ్లొచ్చింది కాదు. నాటుకోడి కూర పావుగంటలో టేబుల్ మీదికొస్తే అది పొద్దున వండిందో, నాటుకోడి కానిదో.

ఒక చిన్న కొట్టు పెద్దదవడం తప్పేం కాదు. రెడ్‌హిల్స్‌లో 1978లో మొదలైన కేఫ్ నీలోఫర్ ఇప్పుడు అద్దాల భవనాల్లో ఉంది. అక్కడే పనివాడిగా చేరి యజమాని అయిన బాబురావు సంగతి నగరంలో చాలామందికి తెలుసు. అలాంటి పేర్ల విషయంలో నా సూత్రం ఒకటే, మొదటి కొట్టుకే వెళ్లండి. మ్యాప్‌లో పది బ్రాంచీలు చూపిస్తే పాతపేటలో ఉన్నదాన్ని ఎంచుకోండి.

లోపలికెళ్లాక

చాలా చోట్ల ముందు కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. నేరుగా వెళ్లి కూర్చుంటే ఎవరూ రారు, సర్వీస్ బాగోలేదని మీరు రివ్యూ రాస్తారు. ఇద్దరుంటే "వన్ బై టూ" అడగడానికి మొహమాటపడకండి, ఈ నగరంలో అది గౌరవమైన ఆర్డరే. ఒక పూట నాలుగు కొట్లు చూడాలంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ప్రతిచోటా ఒక్క ప్లేట్ పంచుకోండి. ఒక్కరే వెళ్తే రెండు కొట్లతో ఆగండి. మొదటి చోటే కడుపు నింపుకుంటే మూడో చోట ఏది తిన్నా బాగోదు, తప్పు వంటది కాదు.

"మీ దగ్గర ఏది బాగుంటుంది?" అని అడిగితే "అన్నీ బాగుంటయ్" అంటారు, ఇంకేమంటారు! "రోజూ వచ్చేవాళ్లు ఏం తింటారు భయ్యా?" అని అడగండి, లేదంటే "ఇవాళ ముందు ఏది అయిపోతుంది?" అనండి. జవాబు వేరేగా వస్తుంది. పాతబస్తీలో "భాయ్" అన్నా "చాచా" అన్నా పలుకుతారు, తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది. మాట కలపాలనుంటే రద్దీలో వద్దు. టిఫిన్ బండి దగ్గర పదిన్నర తర్వాత, మెస్‌లో మూడు తర్వాత, గిన్నెలు కడుగుతున్నప్పుడు మనుషులు తీరిగ్గా ఉంటారు. ఎక్కడి నుంచొచ్చారు, ఎన్నాళ్లయింది, ఈ పొడి ఎవరు చేస్తారు, అన్నీ అప్పుడే చెప్తారు. ఫొటో తీసే ముందు అడగండి. వంటకానికి అక్కర్లేదు గానీ, మనిషికి అడగాలి.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే పాత ఇరానీ హోటళ్లలో కింద అంతా మగవాళ్లే కనపడి ఇబ్బందిగా అనిపించవచ్చు. చాలావాటికి పైన గానీ వెనక గానీ ఫ్యామిలీ సెక్షన్ ఉంటుంది, అడిగితే చూపిస్తారు. పొద్దున వేళ నిమ్రా లాంటి చోట్ల ఆ టెన్షన్ ఉండదు, బయటే నిలబడి తాగుతారు కాబట్టి.

కడుపు సంగతి

రోడ్డు పక్కన తింటే రోగాలే అనేవాళ్లతో నేను ఏకీభవించను, అలాగని కళ్లు మూసుకుని తినమనీ చెప్పను. అక్కడికక్కడ, ఎదురుగా, మంట మీంచి దిగింది తింటే చాలావరకు ఇబ్బంది ఉండదు. చల్లారి కూర్చున్నది, పచ్చి నీళ్లు కలిసింది, రెండూ తగ్గించండి. అందుకే వానాకాలంలో పానీపూరీ మానేసి మిర్చిబజ్జీకి వెళ్లమంటాను. బజ్జీ దగ్గర నూనె చూడండి. నల్లగా, చిక్కగా ఉండి, బజ్జీ వేయగానే నురుగు పైకి పొంగి దిగకపోతే అది చాలాసార్లు కాగిన నూనె. వాడిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదని నిబంధన ఉంది. కొలిచే మీటర్ మన దగ్గర ఉండదు కాబట్టి కళ్లూ ముక్కూ వాడాల్సిందే.

మోమోలు, షవర్మా దగ్గర ఇచ్చే తెల్ల సాస్ జోలికి పోకండి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ ఆఖరున ఏడాదిపాటు నిషేధించింది, నగరంలో మోమోలు తిని మనిషి ప్రాణం పోయిన తర్వాత. తాగే వాటిలో నగరంలోని కల్లు కాంపౌండ్లను ఈ అన్వేషణలోంచి తీసేయండి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు జనం చనిపోయారు. కల్లు తాగాలనుంటే చెట్టు కనపడే ఊరికి, తెల్లవారుజామున వెళ్లాలి.

గోడ మీద లేదా బిల్లు మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరు 14 అంకెలతో ఉంటుంది. మొదటి అంకె 2 అయితే చిన్న వ్యాపారపు రిజిస్ట్రేషన్, 1 అయితే లైసెన్స్. నంబరున్నంత మాత్రాన వంటగది శుభ్రంగా ఉందని కాదు, కానీ అది పెట్టుకున్న బండివాడు పది రోజుల్లో ఎత్తేసే రకం కాదని ఓ అంచనా.

పార్సిల్ కట్టించుకుంటే స్టీలు డబ్బా పట్టుకెళ్లండి. మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పోయించుకోవడం మన నగరం మానుకోలేని చెడ్డ అలవాటు. డబ్బా ఇస్తే ఏ కర్రీ పాయింట్‌లోనూ కాదనరు, ఓ గరిటె ఎక్కువే పడుతుంది.

డబ్బు దగ్గర

క్యూఆర్ కోడ్ లేని బండి ఇప్పుడు దొరకడం కష్టం. అయినా పొద్దున్నే మొదటి బేరానికి నోటు ఇస్తే సంతోషిస్తారు, బోణీ కదా. నూరు, యాభై నోట్లు దగ్గరుంచుకోండి, అయిదొందల నోటిచ్చి ఇరవై రూపాయల చాయ్ తాగకండి. యాప్‌లో కనపడే ధరకూ కౌంటర్ ధరకూ చాలా చోట్ల తేడా ఉంటుంది, కమిషన్ భారం అందులో ఎక్కుతుంది. కాబట్టి నడిచి వెళ్లి తినడం మీకూ లాభమే, కొట్టుకూ లాభమే. కూర్చుని తినే పెద్ద చోట్ల బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేస్తే తీసేయమని అడగొచ్చు, అది తప్పనిసరి కాదు. ఆ డబ్బును నేరుగా వడ్డించిన మనిషి చేతిలో పెట్టడం మేలు.

కాలాన్ని బట్టి మళ్లీ వెళ్లండి

ఒకే కొట్టు ఏడాదిలో నాలుగు రకాలుగా ఉంటుంది. రంజాన్ నెలలో పాతబస్తీ పగలు నిద్రపోయి రాత్రి లేస్తుంది. నహారీ కోసం ఆ నెలలో పొద్దున వెళ్లి లాభం లేదు, సాయంత్రం హలీమ్‌కి వెళ్లాలి. హైదరాబాద్ హలీమ్‌కి 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కట్టెల మంట మీద గంటల తరబడి ఉడికితే, భట్టీలో దించిన గిన్నెకు చెరోపక్కా నిలబడి ఇద్దరు మనుషులు చెక్క గోట్నీలతో దంచుతారు. వెతకాల్సింది ఆ దంచే భట్టీ కనపడే చోటును. మాంసం పోగులు పోగులుగా సాగాలి, పేస్టులా ఉంటే మిక్సీ పని. మొహర్రంలో బేకరీల్లో దమ్ కే రోట్ అనే రవ్వ బిస్కెట్ వస్తుంది, నాంపల్లిలో సుభాన్ బేకరీ ముందు క్యూ చూస్తే సంగతి తెలుస్తుంది. వేసవిలో తాటి ముంజలు, మొజంజాహీ మార్కెట్‌లో మామిడి ఐస్‌క్రీమ్. సీతాఫలాలొచ్చే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అదే దుకాణంలో సీతాఫలం ఐస్‌క్రీమ్ తినకపోతే ఆ ఏడాదికి నష్టమే. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్యదాకా నాంపల్లిలో నుమాయిష్. 1938 నుంచీ జరుగుతున్న ఎగ్జిబిషన్ అది, తిండి స్టాళ్లు నిండుగా ఉంటాయి, కానీ అక్కడ ధరలు పండగ ధరలు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు చుట్టుపక్కలకు తినడానికని వెళ్లకండి, కదలడానికుండదు. వినాయక నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్ వైపు అసలే వద్దు. అక్టోబర్ 2న మాంసం దుకాణాలు మూసే ఉంటాయి, ఆ రోజు దోశెలకు పెట్టుకోండి.

నచ్చాక ఏం చేయాలి

రీల్ తీసే ముందు కాస్త ఆలోచించండి. 2024 జనవరిలో మాదాపూర్‌లో కుమారి ఆంటీ భోజనాల బండికి వీడియోల పుణ్యమా అని జనం పోటెత్తి, రోడ్డు నిండిపోయి, పోలీసులు బండి తీయించేదాకా వచ్చింది. ముఖ్యమంత్రి కల్పించుకుని అక్కడే కొనసాగనివ్వమని చెప్తే గానీ నిలబడలేదు. ప్రతి బండికీ ముఖ్యమంత్రి రారు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చినా, రోడ్డు మీద జాగా అన్నది ఇప్పటికీ గట్టి నేల కాదు. మీరు చేయగలిగిన సాయం చిన్నది: బైకును బండికి ఇరవై అడుగుల దూరంలో పెట్టండి, తిన్న ప్లేటు వాళ్లు చెప్పిన బుట్టలోనే వేయండి.

దానికంటే పనికొచ్చేది మ్యాప్. చిన్న కొట్ల వివరాలు గూగుల్ మ్యాప్స్‌లో తరచూ తప్పుగా ఉంటాయి, పొద్దున పదికి మూసే బండికి రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంటుందని రాసుంటుంది. తెరిచే వేళ, మూసే వేళ, సెలవు రోజు యజమానిని అడిగి మీరే సరిచేయండి. రివ్యూ రాస్తే "సూపర్, మస్త్" అని వదిలేయకుండా ఏ వేళకి వెళ్లారో, ఏం తిన్నారో, ఎంతైందో రాయండి. మీరు కొత్త చోటు వెతికేటప్పుడు కూడా చుక్కలు చూడకుండా రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, జనం పెట్టిన ఫొటోల్లో ధరల బోర్డు వెతకండి.

ఫోన్‌లో ఒక నోట్ తెరిచి పేట, కొట్టు, వేళ, ఒక్క వంటకం, ఈ నాలుగే రాసుకోండి. "గుల్జార్ హౌజ్, గోవింద్, ఎనిమిదిలోపు, దోశె" అన్నట్టు. ఒక కొట్టు నచ్చితే ఇంకో కొత్తది వెతికే ముందు అక్కడికే రెండోసారి వెళ్లండి, అదే వేళకి. రెండోసారి కూడా అంతే బాగుంటే దాన్ని నోట్‌లో పైకి జరపండి, తేడా వస్తే తీసేయండి. బండి చోటు మారితే పక్కనున్న పాన్‌డబ్బాలో అడగండి, ఎటు పోయిందో వాళ్లకి తెలిసే ఉంటుంది.